సమవృత్త నిర్ణయము

భద్రాచలమునకు ఎగువను, గోదావరి దక్షిణతీరపు టడవులలో పినపాక ప్రాంతమున జానంపేట యను గ్రామము కలదు. 2016 వఱకు ఖమ్మము జిల్లాలోనుండి, పిదప భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలో జేరిన యీ గ్రామపరిసరముల ఇనుపయుగమునాటి సమాధులున్నవి. నడుమ రాతితొట్టి, పైని బండకప్పు, చుట్టును గుండ్ల వలయము, ఇది వాని స్వరూపము. జనులు వీనిని రాక్షసగుళ్లందురు. వీనినిగూర్చి వ్రాయువారు ‘శిలావృత్తము’లను పేరు వాడుచుందురు. కంటికి గుండ్రముగా దోచినదెల్ల సమవృత్తమగునా యనునది విచార్యము. వలయము సమవృత్తమని తేలినచో, నడుమ మేకు నాటి త్రాటితో గీచి రాళ్లు పేర్చిరను నూహకు బలము కలుగును. ఆయతవృత్తమైనచో నా యూహ నిలువదు.

మూడు రాళ్ల సాక్ష్య మిచట చెల్లదు. ఏకరేఖపై లేని యే మూడు బిందువులగుండనైనను ఒక సమవృత్తము పోవును గదా. నాలుగవ రాతినుండియే పరీక్ష యారంభమగును.

ఈ పరీక్షకు వలయు సాధనము ఆర్యభటుడు క్రీ.శ. 499 నాటి తన గ్రంథమున గణితపాదమునందు జెప్పియున్నాడు. వృత్తమున వ్యాసమునకు లంబముగా నున్న జ్యాయొక్క యర్ధమును వర్గించినచో, నా జ్యాచే ఖండితమైన రెండు శరముల గుణనఫలమునకు సమానమగునని తాత్పర్యము. వలయమునకడ్డముగా 20 మూరల త్రాడు పట్టితిమనుకొందము. ఒక రాతినుండి దింపిన లంబము త్రాటిని 4, 16 మూరలుగా విభజించినచో, గుణనఫలము 64. లంబము 8 మూరలుండవలెను. ప్రతి రాతికడను ఇట్లే సరిపోయినచో నది సమవృత్తము. అట్లుగాక లంబము 6 మూరలైనచో, వర్గము 36. నిష్పత్తి 9కి 16. ఎల్లచోట్ల నీ నిష్పత్తియే కనబడినచో నది 20 మూరల పొడవు, 15 మూరల వెడల్పుగల ఆయతవృత్తము.

ఈ రెండింటి భేదమును క్రీ.శ. 850 ప్రాంతమున మహావీరాచార్యుడు గణితసారసంగ్రహమున పేర్కొనెను. దీనినే పావులూరి మల్లన తెనుగు పద్యములలోనికి దెచ్చెను. వెడల్పు వర్గమునకు ఆఱు రెట్లు, పొడవు వర్గమునకు నాలుగు రెట్లు కూర్చి మూలము తీసినచో ఆయతవృత్త పరిధి వచ్చునని మహావీరుని సూత్రము. పైయుదాహరణమున 2950కి మూలము, అనగా 54 మూరలకు కొంచెము పైమాట. నేటి గణనము 55 మూరలకు కొంచెము మించును. పొడవు వెడల్పులు సమములైనచో నీ సూత్రమే వ్యాసవర్గమునకు పదిరెట్ల మూలమై, ఆతని సమవృత్తసూత్రముగా పరిణమించును.

ఇక సమీకరణము. అసమమైనదానిని సమముగా జేయుట యని చ్విప్రత్యయార్థము. యావత్తావత్తు, కాలకము అను రెండవ్యక్తములుగల వర్గసమీకరణము సమవృత్తమగుటకు మూడు నియమములు. మొదటిది, ఆ రెంటి వర్గములకు గుణకములు శూన్యముగాక సమములై యుండవలెను. రెండవది, అవ్యక్తముల పరస్పర గుణనఫలమగు భావితము ఉండరాదు; ఆయతవృత్తమునకు త్రాడు వాలుగా పట్టినచో నీ భావితము పుట్టును. మూడవది, వర్గగుణకములను ఒకటిగా జేసిన పిదప, కేవలావ్యక్త గుణకముల యర్ధములను వర్గించి కూర్చి, రూపమును తీసివేయగా మిగిలినది ధనమై యుండవలెను. గుణకములు ఋణము 6, ఋణము 8, రూపము ఋణము 11 అయినచో, 9, 16, 11 కలిసి 36, వ్యాసార్ధము 6. రూపము ధనము 25 అయినచో శేషము శూన్యము, వృత్తము బిందువగును. రూపము 30 అయినచో శేషము ఋణము. ఋణరాశి స్వభావముచే వర్గము కాదు గనుక దానికి మూలము లేదని మహావీరుడే చెప్పెను. అట్టి సమీకరణమునకు ఆకృతియే లేదు.

ఇంతమాత్రమున ఈ నియమములన్నియు ప్రాచీనులు చెప్పిరనుట సాహసము. ఆర్యభటుడు వృత్తమునుండి సమత్వమును జూపెను. సమీకరణమునుండి ఆకృతిని నిర్ణయించు మార్గము 1637లో డెకార్టు ప్రకటించిన జ్యామితితో ప్రసిద్ధికి వచ్చినది. సామగ్రి మనయొద్ద నుండెను. ప్రశ్న యచట పుట్టెను. ఆర్యభటునికి బహుశతాబ్దములు పూర్వులైన సమాధినిర్మాతలకు నీ సూత్రము తెలియునని చెప్పుటయు తగదు. త్రాడు పట్టుటకు సూత్రజ్ఞాన మక్కఱలేదు.

కావున శిలావలయములను కొలుచువారు పొడవు వెడల్పులు రెండే వ్రాసికొని తృప్తినొందరాదు. చెట్లవేళ్లు కదల్చిన రాళ్లను వేఱుగా గుర్తించి, తక్కినవాని స్థానములనన్నిటిని ఒకే త్రాటినుండి కొలిచి, లోయంచునుండియో నడిమినుండియో యొకే తీరున నమోదు చేయవలెను. అట్టి లెక్కలు లేనిచోట ‘వలయ’మనుట న్యాయము, ‘సమవృత్త’మనుట ప్రమాణమపేక్షించు మాట.