తుపాకి, చట్టం, పౌరుడు

తుపాకి ఎవరు పట్టవచ్చునో చెప్పే చట్టం ఒకటి. దాన్ని పేల్చినవాడు ఎవరికి జవాబుదారి కావాలో చెప్పే చట్టం మరొకటి. మొదటిదాన్ని పాలకులే తెచ్చారు. రెండవదానికై ప్రజలు పోరాడవలసివచ్చిందని నా అభిప్రాయం.

1878 నాటి బ్రిటిష్ ఆయుధాల చట్టం భారతీయుణ్ణి లైసెన్సుకు కట్టివేసింది. దాని నియమాలు యూరోపియనును మినహాయించాయి. అందుకే 1931లో కరాచీ కాంగ్రెసు, నిబంధనలకు లోబడి ఆయుధం ధరించడాన్ని పౌరహక్కుల్లో చేర్చింది. నిజాం రాజ్యంలో తుపాకి దొరల గడీల్లో ఉండేది. 1946 జులై 4న కడవెండిలో కర్రలు, వడిసెలలు పట్టి ఊరేగిన రైతులపై దొర మనుషులు కాల్పులు జరిపారు. దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు.

జహీరాబాదు 1956 దాకా బీదరు జిల్లాలోది, తర్వాత మెదకులోది, నేడు సంగారెడ్డిలోది. జిల్లాలు మారినా నేడు అక్కడి పౌరునికి వర్తించేది 1959 ఆయుధాల చట్టమే. 2019 సవరణ ప్రకారం పెళ్ళిళ్ళలో, ఉత్సవాల్లో వేడుకకు తుపాకి పేల్చి ఇతరుల ప్రాణానికి ముప్పు తెస్తే రెండేళ్ళదాకా జైలు, లక్ష రూపాయలదాకా జరిమానా, లేదా రెండూ. ఇది మంచిదే. మరి పోలీసు తూటా మాటేమిటి?

ఆ ప్రశ్నను న్యాయస్థానానికి తీసుకుపోయింది పౌరహక్కుల సంఘం. ఎదురుకాల్పుల మరణాల్లోనూ కేసు నమోదు చేయాలని 2009లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పిచ్చింది. దాని అమలును సుప్రీంకోర్టు నిలిపివేసింది. అయినా 2014లో మరొక పౌరసంఘం వేసిన కేసులో అదే సుప్రీంకోర్టు కేసు నమోదునూ, స్వతంత్ర దర్యాప్తునూ తప్పనిసరి చేసింది.

చరిత్ర బోధించే మిత్రులు ఈ తీర్పుల తేదీలతోపాటు, ఆ పిటిషన్లు ఎందుకు పుట్టాయో కూడా విద్యార్థులకు చెప్పాలి.