బుడ్డబుడుసరకాయ, ఆదొండ: ప్రసంగి 12:5లోని ఒక మొక్కను గూర్చి

ఆత్మకూరు దగ్గర ఒక పల్లెలో భూస్థాపన ఆరాధనలో మేము ప్రసంగి 12వ అధ్యాయము చదివాము. ముగిసిన పిమ్మట చనిపోయిన పెద్దాయన భార్య, "అయ్యగారూ, ఆ బుడ్డబుడుసరకాయ ఎట్టుంటాది?" అని అడిగినది. ఎన్నో సమాధుల యొద్ద ఆ వచనము చదివినవారమే గాని, జవాబు చెప్పలేకపోయాము.

2018 జూన్‌లో యెరూషలేము యాత్రకు వెళ్లినప్పుడు, పడమటి గోడ రాళ్ల సందులలో, మట్టి కనబడని చోట ఒక ముళ్ల పొద వ్రేలాడుచుండెను. గుండ్రని ఆకులు, నాలుగు తెల్లని రేకులు, వాటిని మించిన ఊదారంగు కేసరములు. ఉదయగిరి కొండ క్రింది ముళ్లపొదలలో తిరిగిన కన్ను దానిని ఊరకే విడువదు. "ఇది మన ఆదొండ" అని తోటివారితో అన్నాము. అది సగము తప్పు.

తిరిగి వచ్చి, మరుసటి మార్చిలో ఉదయగిరి దగ్గర ఆదొండను నిదానముగా చూచితిమి. ఆకు మొదట రెండు వంకర ముళ్లు రెంటికీ ఉన్నవి. పువ్వు నడుమ నుండి పొడవైన కాడ బయటికి వచ్చి, దాని కొననే పిందె కట్టును. ఇది ఆ కుటుంబపు గుర్తు. అయితే ఆదొండ చెట్లమీదికి ప్రాకును, దాని కాయ గుండ్రము. గోడమీది మొక్క కాయ కోలగా ఉండి, పండినప్పుడు పగిలి ఎర్రని గుజ్జు, గింజలు చూపును. రెండును 'కప్పారిస్' జాతివే. ఒకే మొక్క మాత్రము కావు. గోడమీదిది కేపర్.

ఇక పాఠము. హెబ్రీలోని 'అవియ్యోనా' అను మాట పాత నిబంధనలో ఈ ఒక్కచోటనే కలదు. గ్రీకు సెప్టువజింతు, లాటిను వుల్గాత రెండును దానిని కేపర్ అనియే తర్జుమా చేసినవి. మిష్నాలో దశమభాగముల చర్చయందు ఇదే మొక్క చిగురు, కాయ, మొగ్గ వేరువేరుగా చెప్పబడి, కాయకు ఈ మాట బహువచనమే వాడబడినది. మాకు గట్టిగా తోచిన సాక్ష్యమిది; పన్ను లెక్క కట్టువారు మొక్క విషయములో పొరబడరు. 1611 నాటి ఇంగ్లీషు బైబిలు మొక్కను విడిచి 'కోరిక' అనినది. 1885 నాటి సవరణ తిరిగి కాయనే తెచ్చినది.

మన తెలుగు బైబిలు కాయను నిలిపినది, అది మేలు. కాని 'పగులును' అనుచోట హెబ్రీ క్రియకు భంగమగుట, నిష్ఫలమగుట అను అర్థము కూడ కలదు. కేపర్ ఆకలి పుట్టించునదిగా పేరుపొందినది. విసరువారు కొద్దిమంది అగుట పళ్లు ఊడుటయైతే, దీనిని ఆకలి చచ్చుటగా తీసికొనుట మాకు సరియనిపించుచున్నది. గింజలు చెదరు కాయను మరణమునకు పోల్చువారును కలరు. సెప్టువజింతు క్రియ వారి పక్షముననే ఉన్నది.

ఆదొండ కొమ్మ ఒకటి ఆ పెద్దామెకు తీసికొనిపోయి, ఇది కాదు గాని దీని చుట్టమని చెప్పితిమి. ఆకలి మాట కూడ చెప్పితిమి. ఆమె ముల్లు తగలకుండ ఆకు త్రిప్పి చూచి, "కడాకరి నెలలో ఆయనకు ఊరగాయ కూడా సహించలేదయ్యా" అనినది.