కట్టెల బాయిలర్

స్నానపు నీళ్లు కాచే రాగి లేదా ఇనుప పాత్ర. చలి దేశాల్లో ఇలాంటి దానితోనే ఇల్లంతా వెచ్చబరుస్తారు. జనగామ జిల్లా పాలకుర్తికి ఆ అవసరం లేదు. చలికాలం పొద్దున రెండు బకెట్ల వేడినీళ్లుంటే చాలు.

కాగుకు పొయ్యి కింద ఉంటుంది, బాయిలర్‌కు కడుపులోనే. నడుమ నిలువు గొట్టంలో మంట, చుట్టూ నీళ్లు, అడుగున జల్లెడ, దాని కింద బూడిద. పత్తికట్టె, మక్క బెండ్లు, తుమ్మ మొద్దు ఏదైనా మండుతుంది. గరాటులో చెంబెడు చన్నీళ్లు పోస్తే, పక్క గొట్టం నుంచి చెంబెడు వేడినీళ్లు దూకుతాయి.

తెరిచి ఉన్న ఆ నోళ్లే దానికి రక్ష. నీరు ఆవిరైతే దాదాపు 1,600 రెట్లు ఉబ్బుతుంది. వాటిని బిగిస్తే పాత్ర పేలుతుంది. నీళ్లు నింపకుండా అంటిస్తే అతుకులు ఊడతాయి.

పొగ సంగతి వేరు. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ లేదు, వాసనా లేదు. పొగ ఆగి నిప్పులు కణకణలాడుతున్నప్పుడూ అది వస్తూనే ఉంటుంది. అందుకే బాయిలర్ చోటు పెరడే: గడ్డివాముకు దూరంగా, గట్టి నేల మీద. రేకుల కింద పెట్టక తప్పకపోతే పొగ గొట్టాన్ని కప్పు దాటించాలి, మసిని తరచూ దులపాలి. తలుపు మూసిన స్నానాలగదిలో మాత్రం పెట్టకండి.