బల్లపై కొండలు: యుద్ధక్రీడ, బొమ్మల కొలువు

చతురంగం సేనకు రూపమిచ్చింది, నేలకు ఇవ్వలేదు. గజ, అశ్వ, రథ, పదాతి బలాలన్నీ 64 గళ్ల చదునుపైనే కదులుతాయి. జల, పర్వత, ధాన్వన, వన దుర్గాలను వేరువేరుగా వివరించిన కౌటిల్యుని దేశపు ఆటలో కొండగాని ఏరుగాని లేకపోవడం గమనార్హం.

ఆ లోటును 1780లో బ్రన్స్‌విక్‌కు చెందిన గణితశాస్త్రజ్ఞుడు హెల్విగ్ తీర్చబూనాడు. చదరంగాన్ని విస్తరించి పర్వతానికి ఎరుపు, నీటికి నీలం గళ్లు కేటాయించాడు. 1812లో రైస్విట్జ్ ప్రష్యా రాజుకు సమర్పించిన బల్లపై ఎత్తుపల్లాలు తీర్చిన ప్లాస్టర్ పలకలే ఉన్నాయి. వాటిని మార్చి పేర్చితే మరొక రణభూమి ఏర్పడుతుంది. 1983లో వెలువడిన వార్‌హామర్ వంటి కాల్పనిక యుద్ధక్రీడలకోసం ఆటగాళ్లు థర్మోకోల్ చెక్కి కొండలు చేయడం ఈ పరంపరలోనిదే.

తెలుగునాట సూక్ష్మ భూతల నిర్మాణం పండుగ ఇళ్లలో సాగింది. దసరాకో సంక్రాంతికో పెట్టే బొమ్మల కొలువులో మెట్ల పక్కన మట్టి పోసి, ఆవాలు మొలిపించి పచ్చిక చేస్తారు, అద్దం చెరువవుతుంది. తెల్లపొణికి కర్రతో చేసిన కొండపల్లి బొమ్మలు ఊరి జనమవుతాయి. అయితే యుద్ధక్రీడలో కొండ చూపును అడ్డుతుంది, ఏరు నడకను ఆలస్యం చేస్తుంది. కొలువులో అవి కనులపండువకే. ఈ భేదం ఉన్నా, స్త్రీలు, పిల్లలు చేతులతో నేర్చిన ఈ విద్యను వేడుకల వర్ణనకే పరిమితం చేయడం పరిశోధనలో లోపమే. పండుగ కాగానే మట్టిని తొలగిస్తారు గనుక కుటుంబ ఛాయాచిత్రాలు, మౌఖిక కథనాలే దీనికి ముఖ్య ఆధారాలు.