గరగర

సైప్రస్‌లోని లిమాసోల్‌లో నేను చూసుకునే పెద్దావిడకి ఎనభై అయిదు దాటాయి. ఇక్కడ అమ్మమ్మనైనా నాయనమ్మనైనా ‘యాయా’ అంటారు, నేనూ అలాగే పిలుస్తాను. ఒకరోజు పొద్దున్న రేడియో మర తిప్పుతూ, గొంతులోంచి గరగరమని చప్పుడు చేసింది. కఫం పట్టిందేమోనని మంచినీళ్లు తెచ్చాను. “కాదమ్మాయ్, చిన్నప్పుడు ఇంగ్లీషువాళ్లు మాకు వినిపించిన పాట ఇది” అని నవ్వింది.

మీకు కాస్త వెనక కథ చెప్పాలి. సైప్రస్ మన పాత తూర్పుగోదావరి జిల్లా కంటే చిన్న దీవి. 1878 నుంచి బ్రిటిష్‌వాళ్ల చేతిలో ఉండేది. జనంలో అయిదింట నాలుగు వంతుల దాకా గ్రీకులు, మిగిలినవాళ్లలో ఎక్కువమంది టర్కులు. గ్రీకుల్లో చాలామంది అడిగింది మనలా స్వరాజ్యం కాదు, గ్రీసులో కలవడం. దాన్ని ‘ఎనోసిస్’ అనేవాళ్లు. 1955 ఏప్రిల్ 1న ‘ఎయోకా’ అనే రహస్య సంస్థ బాంబులతో దిగింది. మొదటి రాత్రే దెబ్బ తిన్నవాటిలో నికోసియా ప్రభుత్వ రేడియో ఒకటి.

సర్కారు రేడియో ఏం చెప్పినా, ఊళ్లో చెవులన్నీ సముద్రం అవతలి ఏథెన్స్ రేడియో మీదే. అది ఎయోకావాళ్లని వీరులని పొగిడేది, బ్రిటిష్‌వాళ్లని తిట్టిపోసేది. వాళ్లతో చేయి కలిపిన గ్రీకులని ద్రోహులనేది. ఆ మాట పడ్డవాడి ప్రాణానికి పూచీ ఉండేది కాదు. అందుకే సర్కారు కంగారుని ఉత్త దొరతనమని కొట్టెయ్యలేను.

లండన్ ముందు గ్రీసు ప్రభుత్వానికి ఫిర్యాదులు చేసింది. ఫలితం లేకపోయింది. 1956 మార్చిలో గవర్నర్ హార్డింగ్, ఇక్కడి గ్రీకుల నాయకుడు ఆర్చిబిషప్ మకారియోస్‌ని సీషెల్స్ దీవులకి పంపేశాడు. ఆ నెలలోనే ఏథెన్స్ రేడియో వినబడకుండా దాని తరంగాల మీదికి గరగర వదిలారు. ఇంగ్లండులోనే దీనిమీద గొడవైంది. బీబీసీ రష్యన్ ప్రసారాలని సోవియట్‌వాళ్లు ఇలాగే చెడగొడుతుంటే అది అన్యాయమని అరిచినవాళ్లు, ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని అరవాలి?

యాయా వాళ్ల ఊళ్లో రేడియో కాఫీ కొట్లో ఉండేది. ఆడపిల్లలు అందులో అడుగు పెట్టకూడదు. వాళ్ల నాన్న విని వచ్చి చెప్పేవాడు. “గరగర మొదలయ్యాక మా నాన్న వార్తలు పొడుగయ్యాయి” అంటుంది. రెండు మాటలు వినబడితే, వినబడని పది మాటలు కొట్లో కూర్చున్నవాళ్లే పూరించేవాళ్లట. అడ్డుకుంటున్నారంటే అందులో నిజం ఉన్నట్టేగా అని వాళ్ల లెక్క. ఏథెన్స్ అనని మాటలు కూడా ఏథెన్స్ పేరుమీదే ఊరంతా తిరిగాయి. గోడ అవతల టర్కిష్ ఇంట్లో అంకారా రేడియో మోగేది. ఒకే వీధి, రెండు రాజధానులు.

అసలు విడ్డూరం ఇంకొకటుంది. ఇక్కడి చెవులు మూస్తూనే, బ్రిటిష్‌వాళ్లు ఈ దీవి నుంచే అరబ్బు దేశాలకి ప్రసారాలు చేసేవాళ్లు. ‘షర్క్ అల్ అద్నా’ అనే ఆ కేంద్రాన్ని 1948లో పాలస్తీనా నుంచి తెచ్చి, జీగీ ఒడ్డున ప్రసార స్తంభాలు నాటారు. 1956 అక్టోబరు చివర ఈజిప్టు మీద సూయెజ్ యుద్ధానికి సర్కారే దాన్ని నేరుగా స్వాధీనం చేసుకుని ‘వాయిస్ ఆఫ్ బ్రిటన్’ అని పేరు మార్చారు. అందులో పనిచేసే అరబ్బులే తిరగబడ్డారు.

చివరికి గొడవని ఆపింది గరగర కాదు, 1959 నాటి జూరిచ్, లండన్ ఒప్పందాలు. 1960లో సైప్రస్ స్వతంత్ర దేశమైంది, గ్రీసులో కలవకుండానే. 1974లో దీవి రెండు ముక్కలైంది. గోడ అవతలివాళ్లు ఉత్తరానికి వెళ్లిపోయారు.

యాయాకి ఇప్పుడు చెవుడు. రేడియో ఎంత పెంచినా సగమే వినబడుతుంది. మిగతా సగం ఆవిడే చెప్పుకుంటుంది, అచ్చం వాళ్ల నాన్నలాగే.