రైలు దిగిన తరువాత

ఉగాదినాడు పంచాంగ శ్రవణమున ఆదాయ వ్యయములు చదువుచుండగా ఖుర్దారోడ్డులోని మన రైల్వే పెద్దలు ఒకరి మొగ మొకరు చూచుకొని నవ్వుకొందురు. "మన ఆదాయం పంచాంగం చెప్పేదేమిటయ్యా, నెలాఖరుకు బ్యాంకు పుస్తకం చెబుతుంది" అని వారి పరిహాసము. ఆ నవ్వు వెనుక నూరేండ్లకు పైబడిన కథ కలదు. మన వలసల చరిత్ర వ్రాయువారు ఎవరు ఎప్పుడు వచ్చిరి, ఏ గుడి కట్టిరి, ఏ నాటక మాడిరి అని వ్రాయుదురు గాని, ఉద్యోగము చాలించిన పిదప మనవారు ఈ గడ్డమీద ఎట్లు ప్రొద్దు పుచ్చిరో వ్రాయుట అరుదు. ఆ ముచ్చట కొంచెము ఈ సంచికలో చెప్పుకొందము.

బెజవాడనుండి కటకము వరకు ఈస్టుకోస్టు రైలుమార్గము 1893–1896 సంవత్సరముల నడుమ ఏర్పడినది. 1897లో ఖుర్దారోడ్డునుండి పూరీకి కొమ్మ వేయుటతో ఇది జంక్షను అయ్యెను. ఊరి పేరు జట్ని, స్టేషను పేరు ఖుర్దారోడ్డు. రైలువారికి మాత్రము రెండవదే ఊరి పేరు. 1902లో వాల్తేరుకు ఉత్తరపు భాగము బెంగాల్ నాగపూర్ రైల్వే చేతికి వచ్చెను. పట్టాలు ఇచ్ఛాపురము, సోంపేట, పలాసల మీదుగా పోవుచుండగా ఆ ప్రాంతపు పిల్లవాండ్రు ఆ పట్టాలు పట్టుకొనియే పైకి వచ్చిరి. కొందరు గ్యాంగుమన్లు, కొందరు ఫైర్‌మన్లు, ఫిట్టర్లు. నాలుగక్షరము లింగ్లీషు వచ్చినవారు గుమాస్తాలు, గార్డులు.

వారు కదలకుండ కూర్చున్నను వారి చుట్టునున్న పేర్లు కదలుచుండెను. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమయ్యెను. బరంపురము ఇటు వచ్చెను, ఇచ్ఛాపురము అటే నిలిచెను. అన్నదమ్ము లిద్దరు చెరియొక రాష్ట్రపు వారైరి. 1944 అక్టోబరు 1న బి.ఎన్.ఆర్. సర్కారు పరమయ్యెను. 1952లో అది ఈస్టర్న్ రైల్వేలో కలిసెను. 1955 ఆగస్టు 1న సౌత్ ఈస్టర్న్ రైల్వే వేరుపడెను. 2003 ఏప్రిల్ 1నుండి ఈ డివిజను భువనేశ్వరము ముఖ్యస్థానముగా గల ఈస్టుకోస్టు రైల్వేలోనిది. బి.ఎన్.ఆర్.లో చేరి, అదే క్వార్టరులో ఉండి, మూడు రైల్వేల జీతము తిన్నవారు ఆనాడు కలరు. ముసలితనమున సైతము వారు "మా బియ్యన్నారు" అనియే అనుచుండిరి.

ఇక చేతికి వచ్చు సొమ్ము సంగతి. పూర్వము రైల్వేవారికి పింఛను లేదు. ప్రావిడెంటు ఫండులో ఉద్యోగి వాటా, రైల్వే వాటా కలిపి, దిగిపోవునాడు ఒక్కసారిగా ఇచ్చివేయుచుండిరి. ఆ సొమ్ముతో ఒకరు ఎకరము పొలము కొందురు, ఒకరు కూతురి పెండ్లి చేయుదురు, ఒకరు తమ్ముని వ్యాపారమున పెట్టి పోగొట్టుకొందురు. 1957 నవంబరు 16నుండి రైల్వేలో పింఛను పద్ధతి వచ్చినది. అప్పటికే కొలువులో ఉన్నవారిని ఏది కావలెనో కోరుకొమ్మనిరి. ఇంటింట తర్జనభర్జనలు జరిగినవి.

"చేతిలో పడ్డదే డబ్బు. నెలనెలా ఇస్తామంటారు, వాళ్లెన్నాళ్లిస్తారో, మనమెన్నాళ్లుంటామో!" అని పెక్కుమంది పాత పద్ధతియే కోరుకొనిరి. వారి లెక్క తెలివితక్కువ లెక్క కాదు. ఆనాడు విరమణ వయస్సు 55. ఆపైన పదేండ్లు బ్రతికిన చాలుననుకొను కాలము. ఆ వయస్సు 1962లో 58 అయ్యెను, 1998లో 60 అయ్యెను. మనుష్యుల ఆయుర్దాయమును పెరిగెను. రూపాయి విలువ మాత్రము తరిగెను. పింఛనుకు మారుటకు తరువాత పలుమారులు అవకాశ మిచ్చినను కొందరు మారలేదు, కొందరికి ఆ సంగతి అర్థమగుసరికి గడువు దాటినది.

1982 డిసెంబరు 17న సుప్రీంకోర్టు నకారాగారి కేసులో, పింఛను యజమాని దయతో వేయు భిక్ష కాదనియు, చేసిన సేవకు గలిగిన హక్కనియు తీర్పు చెప్పెను. ఆ దినమును ఇప్పటికిని పింఛనుదార్ల దినముగా జరుపుకొందురు. ఆ తీర్పు చూచి, ఫండు తీసికొన్న రైల్వేవారును తమకు పింఛను ఇప్పింపుమని కోర్టు కెక్కిరి. 1990లో సుప్రీంకోర్టు వారి కోరికను త్రోసిపుచ్చెను. ఒకే వీధిలో, ఒకే షెడ్డులో పనిచేసిన ఇద్దరు. ఒకరింట నెలనెలా పాలు, మందులు, మనుమలకు మిఠాయి. రెండవవారింట కొడుకు చేతివంక చూపు. ఈ భేద మంతయు ఒకనాడు ఒక కాగితముమీద పెట్టిన సంతకములో నున్నది.

ఈ హక్కుల మాట వచ్చినప్పుడు మన పెద్దలు వి.వి. గిరిగారిని తలంపక మానరు. 1894లో బరంపురమున తెలుగింట పుట్టిన ఆయన, 1928లో బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల సమ్మెను శాంతియుతముగా నడిపిరి. 1969నుండి 1974వరకు రాష్ట్రపతిగా నుండిరి. ఆయన రాష్ట్రపతిగా నున్నప్పుడే 1974 మే 8నుండి 27వరకు దేశమంతట రైల్వే సమ్మె జరిగెను. ఆ సమ్మెలో డ్యూటీకి పోయినవారొక ప్రక్క, పోనివారొక ప్రక్క అయిరి. నే నెరిగిన ఇద్దరు స్నేహితులు ఆనాడు విడిపోయి, విరమణ దాకా పలుకరించుకొనలేదు. తరువాత ఒకనాటి ఉదయము ఇద్దరును ఒకే టీ కొట్టు బల్లపై కూర్చుండిరి. ఒకాయన కండ్లద్దాలు ఇంట మరచి వచ్చెను. చేతిలో తెలుగు పత్రిక యున్నది, చదువ వీలులేదు. రెండవ యాయన తన అద్దాలు తీసి మాటలాడకుండ అందించెను. "పవరు సరిపోలేదు బావా, నువ్వే చదువు" అనెను మొదటి యాయన. అది మొదలు ఒకరు చదువుట, ఒకరు వినుట. సమ్మె మాట మాత్రము ఇద్దరును ఎత్తరు.

విరమణలో అన్నిటికంటె కష్టమైన పని క్వార్టరు ఖాళీ చేయుట. పిల్లలు పుట్టిన ఇల్లు, పెరటిలో నాటిన మునగచెట్టు, గోడమీద పిల్లల యెత్తు గీచిన గీతలు, అన్నియు కొలది నెలలలో విడువవలెను. అప్పుడు ఇంట ఒకటే ప్రశ్న: ఎక్కడికి పోవుదము? స్వగ్రామము పోయినవారు కలరు. అక్కడ వారిని "ఒరిస్సావారు వచ్చినారు" అనిరి; ఇక్కడ నలుబదేండ్లు వారిని "తెలుగువారు" అనిరి. అన్న పంచిచ్చిన గది చాలలేదు, తోటివారు లేరు, రైలుకూత వినబడక నిద్ర పట్టలేదు. ఏడాది తిరుగకుండ మరల వచ్చి, జట్నిలో చిన్న స్థలము కొని రెండు గదులు వేసికొన్నవారే మన నేటి పెక్కు కుటుంబముల మూలపురుషులు.

వారి దినచర్య రైళ్ల ప్రకారమే నడచుచుండెను. గోడగడియారము కంటె బండి కూత నమ్మకమైనది. "మెయిలు వచ్చింది, ఎసరు పెట్టవే" అని ఒకరు, "పూరీ బండి పోయింది, పిల్లలింకా బడినుంచి రాలేదేమి?" అని ఒకరు. తెల్లవారి నడకకు బయలుదేరిన కాళ్లు తమంతట తామే స్టేషనువైపు తిరుగును. బండి ఆలస్యమైనచో, ఎందు కాలస్యమయ్యెనో వీరు ఇంటనుండియే తేల్చి చెప్పుదురు. ఆవిరి యింజన్లు పోయి ఎన్నేండ్లైనను, పాత ఫైర్‌మనొకరు పొయ్యిలో బొగ్గు ఎట్లు చల్లవలెనో కోడలికి చెప్పబోయి, గ్యాసు పొయ్యి చూచి ఊరకుండిన సంగతి మా వీధిలో నేటికిని నవ్వుల మాటయే.

విరమించినవారికి పాసులు వచ్చును; తరగతిని బట్టి, సర్వీసును బట్టి వాని లెక్క. పాసు వచ్చినదనగా తిరుపతికో, రామేశ్వరమునకో ప్రయాణము. తిరుగు ప్రయాణమున చుట్టముల యింటినుండి ఆవకాయ జాడీ, కొత్త చింతపండు, వేపపువ్వు మూట. మగవారి విరమణ ఇట్లుండగా, ఇల్లాలికి విరమణ ఎన్నడును లేదు. ఆయన ఇంట కూర్చుండుటతో ఆమెకు రోజుకు రెండు టీలు అధికమయ్యెను. అయినను పొరుగింటి ఒడియా ఇల్లాండ్రతో చెలిమి చేసినది ఆమెయే. ఎండకాలమున పఖాళమున కొక గరిటె మన గోంగూర పచ్చడి, ఉగాదికి వారికి పచ్చడి, పణా సంక్రాంతికి మనకు పణా. ఈ ఇచ్చిపుచ్చుకొనుటయే మన కాళ్లు ఇక్కడ నిలుపుకొనుటకు ఆధారము.

కుటుంబ పింఛను 1964లో వచ్చినది.  వచ్చిన తరువాతను చిక్కులు తప్పలేదు. సర్వీసు పుస్తకములో ఆమె పేరు ఒక విధముగా, మరొక కాగితములో వేరొక విధముగా నుండును. మన ఇంటిపేర్లు ఇంగ్లీషులో వ్రాయుటలో ఒక అక్షరము అటునిటు. ఆ అక్షరమును సవరించుటకు ఒక పెద్దమ్మ మూడు వానకాలములు తిరిగినది.

ఏటేటా నవంబరున తాము బ్రతికియున్నామని పింఛనుదార్లు రుజువు చూపవలెను. 2014 నవంబరునుండి వేలిముద్రతో ఆ పని జరుపు జీవన్ ప్రమాణ్ వచ్చినది. జీవితమంతయు ఇనుము పట్టి అరగిన వ్రేళ్లకు ముద్ర పడుట కష్టము. "నేను బతికే ఉన్నానురా బాబూ, వేలే పోయింది" అని ఒక ఫిట్టరుగారు మనుమనితో అనిరి. 2021లో మొగము చూచి గుర్తించు పద్ధతి వచ్చుటతో ఆ బాధ కొంత తగ్గినది. ఇప్పుడు మనుమడు ఫోను పట్టుకొని "తాతా, కళ్లు ఆర్పు" అనును, తాత ఆర్పును; ఏడాది గడచును.

2004 జనవరి 1 తరువాత కేంద్రపు కొలువులో చేరినవారికి పాత పింఛను లేదు. 2025 ఏప్రిల్ 1నుండి ఏకీకృత పింఛను పథకము కోరుకొను వీలు కలిగినది. మరల కాగితము, మరల సంతకము! 1957లో తాతలు పడిన తర్జనభర్జనయే మనుమల ఇండ్లలో జరిగినది. ఆనాటివారిని అడిగి తెలిసికొని సంతకము చేయుట మంచిది.

మన సంఘ సభ్యులకు రెండు మనవులు. నవంబరు మాసమున మీ వీధిలోని పెద్దలకు ఒక గంట సమయ మిండు. పేరులోని అక్షరము తప్పున్నచో వారు ఉండగానే దిద్దింపుడు. రెండవది, వారి కథ తెలుగులో వ్రాసికొనుడు. టీ కొట్టు బల్లపై పత్రిక చదివిన ఇద్దరిలో ఇప్పుడు ఒక్కరే మిగిలిరి. ఆయన ఉదయమే వచ్చి, పత్రికను పైకి చదువుచునే యున్నారు. వినుటకు ప్రక్కన చోటు ఖాళీగా నున్నది.

ఈ నూతన సంవత్సరమున మన పెద్దలందరికి ఆయురారోగ్యములు కలుగుగాక!