నవ్వుకున్న జారుడే ప్రార్థన అయింది: ట్రాంబోన్ షౌట్ బ్యాండ్ల కథ

ఇవాళ ఒక ఆల్బమ్ గురించి మాట్లాడుకుందాం. పేరు 'సెయింట్స్ ప్యారడైజ్'. 1999లో అమెరికాలో స్మిత్‌సోనియన్ ఫోక్‌వేస్ అనే సంస్థ విడుదల చేసింది. ఇందులో హీరో ట్రాంబోన్. ఒకటి కాదు, వరసగా నిలబడ్డ ట్రాంబోన్ల గుంపు. వాయించేవాళ్లు యునైటెడ్ హౌస్ ఆఫ్ ప్రేయర్ అనే నల్లజాతి చర్చికి చెందిన షౌట్ బ్యాండ్ల వాళ్లు.

ఈ రికార్డింగ్ నాకు చాలా చాలా నచ్చింది. అయితే "బాగుంది, వినండి" అని చెప్పి వదిలేస్తే సగమే చెప్పినట్టు. ఆ శబ్దం వెనక దాదాపు మూడు వందల ఏళ్ల కథ ఉంది. అది తెలిశాక వింటే ఇంకోలా వినిపిస్తుంది. అందుకే ముందు కథ, తర్వాత పాట.

అసలు ట్రాంబోన్ అంటే ఏంటి?

మన పెళ్లి ఊరేగింపుల్లో బ్యాండ్ మేళం చూసే ఉంటారు. ట్రంపెట్‌కి పైన మూడు బటన్లు ఉంటాయి కదా, అవి నొక్కితే స్వరం మారుతుంది. మామూలు ట్రాంబోన్‌కి ఆ బటన్లు ఉండవు. ఒక పొడుగాటి ఇత్తడి గొట్టం ఉంటుంది, దాన్ని ముందుకీ వెనక్కీ జరపాలి. టెనార్ ట్రాంబోన్‌లో గొట్టం మొత్తం పొడవు దాదాపు 9 అడుగులు. స్లైడ్ జరిపేకొద్దీ ఆ పొడవు ఇంకా పెరుగుతుంది, స్వరం కిందికి దిగుతుంది. స్లైడ్‌కి మొత్తం 7 స్థానాలు. వాటి మీద గుర్తులేమీ ఉండవు. ఎక్కడ ఆపాలో చెవే చెప్పాలి.

దీనివల్ల ఒక ప్రత్యేకమైన పని కుదురుతుంది. ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి మధ్యలో తెగకుండా జారుకుంటూ వెళ్లొచ్చు. మన కర్ణాటక సంగీతంలో దీన్నే 'జారు' అంటారు, గమకాల్లో అదొకటి. మనిషి గొంతు సహజంగా చేసే పని అదే. ఏడ్చేటప్పుడు, పిలిచేటప్పుడు, మూలిగేటప్పుడు మన గొంతు మెట్లు మెట్లుగా దిగదు, జారుతుంది. ఈ జారుడుని గుర్తుపెట్టుకోండి, కథంతా దీని చుట్టూనే.

1740: బూర పట్టుకుంటే నేరం

1739 సెప్టెంబర్‌లో సౌత్ కరోలినాలో స్టోనో నది దగ్గర బానిసలు తిరగబడ్డారు. డోళ్లు వాయించుకుంటూ, జెండా పట్టుకుని, ఇంకా జనాన్ని కలుపుకుంటూ కదిలారు. ఆ తిరుగుబాటుని దారుణంగా అణిచేశారు. మరుసటి ఏడాది, అంటే 1740లో, అక్కడి శాసనసభ ఒక చట్టం చేసింది. బానిసలు రాయడం నేర్చుకోకుండా, గుంపుగా చేరకుండా ఎన్నో ఆంక్షలు పెట్టింది. అందులోనే ఇంకో మాట కూడా ఉంది: డోళ్లు, బూరలు, పెద్దగా శబ్దం చేసే ఏ వాయిద్యమూ వాళ్ల దగ్గర ఉండకూడదు.

ఒక్కసారి ఆలోచించండి. శబ్దానికి భయపడి చట్టం చేశారు.

ఇప్పుడు ఇంకో తేదీ. 1754. అదే అమెరికాలో, ఉత్తరాన పెన్సిల్వేనియాలోని బెత్లెహేమ్ అనే ఊరు. అక్కడ మొరావియన్లు అనే క్రైస్తవులు ఉండేవాళ్లు, ఎక్కువగా జర్మన్ మాట్లాడేవాళ్లు. ఆ ఏడాది నుంచి వాళ్ల దగ్గర ట్రాంబోన్ బృందం ఉంది. ఊళ్లో ఎవరైనా చనిపోతే చర్చి పైనుంచి ట్రాంబోన్లతో కీర్తన వాయించి ఊరందరికీ తెలియజేసేవాళ్లు. ఈస్టర్ తెల్లవారుజామున కూడా వాయించేవాళ్లు. ఆ బృందం ఇప్పటికీ ఉంది.

యూరప్‌లో కూడా చాలాకాలం ట్రాంబోన్ అంటే దేవుడు, చావు, గంభీరమైన సందర్భాలు. 1812లో ఆస్ట్రియాలోని లింజ్ ఊళ్లో బీథోవెన్ నాలుగు ట్రాంబోన్ల కోసం చిన్న చిన్న రచనలు మూడు చేశాడు, చనిపోయినవాళ్లని తలుచుకునే రోజు కోసం. 1827లో ఆయన సొంత అంత్యక్రియల్లో కూడా అవే వినిపించాయి.

అంటే ఒకే ఖండంలో, ఒకే కాలంలో ఒకరికి ఇత్తడి బూర దేవుడి గొంతు. ఇంకొకరికి అది పట్టుకుంటేనే నేరం.

మరి డోలు, బూర లేనివాళ్లు ఏం చేశారు? చేతులు, కాళ్లు, గొంతు ఉన్నాయిగా. సౌత్ కరోలినా, జార్జియా తీర ప్రాంతాల్లో 'రింగ్ షౌట్' అనేది నిలిచింది. గుండ్రంగా తిరుగుతూ, పాదాలు నేలమీద ఈడుస్తూ, చప్పట్లు కొడుతూ, ఒకరు పాట ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకునే ఆరాధన. ఇక్కడ షౌట్ అంటే అరవడం కాదు. ఒళ్లంతా కదిలే ప్రార్థన. ఈ మాటే తర్వాత బ్యాండ్ల పేరులోకి వచ్చింది.

1915: నవ్వులాటకి వాడుకున్న జారుడు

1865లో బానిసత్వం రద్దయింది. నల్లజాతి వాళ్ల చేతికి కూడా ఇత్తడి వాయిద్యాలు వచ్చాయి, న్యూ ఓర్లీన్స్‌లో జాజ్ పుట్టింది. కానీ అదే సమయంలో ఇంకోటి కూడా జరిగింది.

హెన్రీ ఫిల్‌మోర్ అని ఒక తెల్లజాతి బ్యాండ్ రచయిత. 1908 నుంచి 1929 దాకా ట్రాంబోన్ జారుడు మీద వరసగా 15 రచనలు చేశాడు. వాటిలో బాగా హిట్ అయింది 1915లో వచ్చిన 'లాసస్ ట్రాంబోన్'. వీటిని అమ్మడానికి నల్లజాతి వాళ్లని వెక్కిరించే బొమ్మలు, వాళ్ల యాసని ఎగతాళి చేసే ప్రకటనలు వాడారు. ట్రాంబోన్ "వ్వా..." అని జారితే జనం నవ్వాలి. ఎవర్ని చూసి నవ్వుతున్నారో విడిగా చెప్పక్కర్లేదు.

ఇది ఎప్పటిదో పాత సంగతి అనుకోకండి. ఆ ట్యూన్‌ని బ్యాండ్ కచేరీల్లో వందేళ్లపాటు సరదాగా వాయిస్తూనే వచ్చారు. 2020లో డగ్లస్ యో, అంటే బోస్టన్ సింఫనీలో ఏళ్ల తరబడి బేస్ ట్రాంబోన్ వాయించిన కళాకారుడు, వీటిని ఇక వాయించొద్దని గట్టిగా రాశాడు. దాని మీద పెద్ద చర్చే నడిచింది.

శబ్దం తప్పు కాదు. ఆ జారుడుని ఎవరు, ఎవరి కోసం, ఎందుకు వాడారన్నదే విషయం. దానికి జవాబు అప్పటికే ఇంకోచోట సిద్ధమవుతోంది.

స్వీట్ డాడీ గ్రేస్

ఆఫ్రికా పశ్చిమ తీరానికి దూరంగా కేప్ వెర్డే దీవులున్నాయి. అక్కడి బ్రావా దీవిలో పుట్టిన ఒకాయన వలస వచ్చి అమెరికాలోని మసాచుసెట్స్‌లో స్థిరపడ్డాడు. అమెరికాలో పేరు చార్ల్స్ మాన్యుయెల్ గ్రేస్. జనం పిలిచింది 'స్వీట్ డాడీ గ్రేస్' అని. 1919లో వెస్ట్ వేర్‌హామ్‌లో మొదటి హౌస్ ఆఫ్ ప్రేయర్ కట్టాడు. 1926లో నార్త్ కరోలినాలోని షార్లెట్‌కి వచ్చి గుడారం వేసి సభలు పెట్టాడు. 1927లో వాషింగ్టన్‌లో చర్చిని రిజిస్టర్ చేయించాడు.

ఆయన మీద విమర్శలు తక్కువేం కాదు. పొడుగాటి గోళ్లు, రంగురంగుల సూట్లు, తన పేరుతో సబ్బులు, టూత్‌పేస్ట్ అమ్మకం. పేపర్లు ఆడుకునేవి. 1960లో ఆయన చనిపోయాక ఆస్తుల మీద, పన్నుల మీద పెద్ద గొడవే నడిచింది. అవన్నీ నిజం. కానీ ఆయన చర్చిలోకి వచ్చినవాళ్లెవరు? ఎక్కువమంది కూలీలు, వంటవాళ్లు, ఇళ్లల్లో పనిచేసేవాళ్లు. వాళ్లకి ఆ చర్చి ఒక మాట చెప్పింది: ఏ వాయిద్యంతోనైనా దేవుణ్ణి స్తుతించొచ్చు. బైబిల్లో 150వ కీర్తన చెప్పేదీ అదే, బూరతో, తంబురతో, మోగే తాళాలతో స్తుతించమని.

అక్కడి నుంచి బ్యాండ్లు పెరిగాయి. పోనుపోను ట్రాంబోన్ ముందు వరసలోకి వచ్చింది. నాకు అర్థమైనంతలో కారణం ఇది: ఈ చర్చిలో పాట అంటే గొంతులు కలవడం. ఒక గొంతు ఎత్తుకుంటుంది, మిగతా గొంతులు అందుకుంటాయి. మనిషి గొంతుకి అంత దగ్గరగా జారగలిగే ఇత్తడి వాయిద్యం ట్రాంబోనే.

ఇప్పుడు పాట వినండి

షౌట్ బ్యాండ్‌లో ఎనిమిది, పది మంది, కొన్నిసార్లు ఇంకా ఎక్కువ మంది ట్రాంబోన్ వాయిస్తారు. కింద బరువు మోయడానికి సూసాఫోన్ ఉంటుంది, ఒంటికి చుట్టుకుని వాయించే పెద్ద బూర. డ్రమ్ములు, తాళాలు ఉంటాయి. చాలామంది మ్యూజిక్ కాలేజీలో చదివినవాళ్లు కారు. చిన్నప్పటి నుంచి చర్చిలో పెద్దవాళ్ల పక్కన నిలబడి చెవితో నేర్చుకున్నవాళ్లు.

ఆల్బమ్ వినేటప్పుడు మూడు విషయాలు గమనించండి.

ఒకటి, మొదలు. చాలాసార్లు లీడ్ ట్రాంబోన్ ఒక్కటే నెమ్మదిగా కీర్తన ఎత్తుకుంటుంది. తాళం ఇంకా పడదు. మాటలు ఉండవు, కానీ అక్కడ కూర్చున్నవాళ్లందరికీ ఆ మాటలు నోటికి వచ్చు. ట్రాంబోన్ ఎక్కడ జారితే అక్కడ ఏ మాట పడుతుందో వాళ్లకి తెలుసు. వెనక వరస మెల్లగా, గొంతు కలిపినట్టు "ఊఁ" కొడుతుంది.

రెండు, మలుపు. డ్రమ్ము అందుకుంటుంది, వేగం వస్తుంది. లీడ్ ఒక ముక్క విసురుతాడు, వెనక వరస దాన్ని పట్టుకుని తిప్పి కొడుతుంది. మళ్లీ, మళ్లీ. నేను కొన్నేళ్లు కోడ్ రాసినవాణ్ణి కాబట్టి నాకు వెంటనే 'లూప్' అనిపించింది. కానీ జాగ్రత్తగా వింటే ఏ రౌండూ ముందు రౌండులా ఉండదు. కొంచెం పైకి వెళ్తుంది, ఇంకో గొంతు చేరుతుంది, లీడ్ ఇంకొంచెం గట్టిగా ఏడుస్తాడు. ఎప్పుడు ఆపాలో కాగితం మీద రాసి ఉండదు. ఎదురుగా ఉన్న జనం నిలబడ్డారా, చేతులెత్తారా, కదులుతున్నారా అన్నదాన్ని బట్టి సాగుతుంది.

మూడు, శృతి. పది ట్రాంబోన్లు, గుర్తుల్లేని పది స్లైడ్లు, అందరూ ఒకేసారి జారుతున్నారు. చెవులు కలవకపోతే అది గోలే. ఇక్కడ గోల కాదు. పది గొంతులు ఒకే ఏడుపు ఏడ్చి, ఒకే నవ్వులోకి వచ్చినట్టు ఉంటుంది. దీన్ని చదువురాని కళ అనేవాళ్లు ఈ ఒక్క విషయం వింటే చాలు.

ఆల్బమ్‌లో ఉన్న బ్యాండ్లలో మాడిసన్స్ లైవ్లీ స్టోన్స్, మెక్‌కొల్లో సన్స్ ఆఫ్ థండర్ ప్రత్యేకం. మెక్‌కొల్లో, మాడిసన్ అనేవి డాడీ గ్రేస్ తర్వాత వరసగా చర్చిని నడిపిన బిషప్పుల పేర్లు. 'సన్స్ ఆఫ్ థండర్' అంటే ఉరుము పుత్రులు, బైబిల్లో యేసు తన ఇద్దరు శిష్యులకి పెట్టిన పేరు. ఒక్క నిమిషం వింటే ఆ పేరు ఎందుకు పెట్టుకున్నారో తెలుస్తుంది.

స్టూడియో దాటి

అయితే ఈ సంగీతం పుట్టింది రికార్డింగ్ కోసం కాదు. ఆరాధనలు, అంత్యక్రియలు, వార్షిక సభల ఊరేగింపులు, బాప్తిస్మాలు, ఇవీ వీటి వేదికలు. డాడీ గ్రేస్ కాలంలో వీధిలో ఫైర్ హోస్‌తో నీళ్లు చిమ్మి వందలమందికి బాప్తిస్మం ఇచ్చేవాళ్లు. 1963 మేలో బర్మింగ్‌హామ్‌లో హక్కుల కోసం రోడ్డెక్కిన నల్లజాతి పిల్లల మీదికి తిప్పింది కూడా ఫైర్ హోస్‌నే. ట్రాంబోన్ జారుడు లాగే ఇదీ, ఎవరి చేతిలో ఉందన్నదాన్ని బట్టి అర్థం మారిపోయింది.

షార్లెట్‌లో ఈ చర్చి ఎదిగిన పేట పేరు బ్రూక్లిన్. 1960లలో 'పట్టణ పునరుద్ధరణ' పేరుతో ఆ పేటని దాదాపు మొత్తం కూల్చేశారు. వెయ్యికి పైగా కుటుంబాలు చెల్లాచెదురయ్యాయి. ఇళ్లు, షాపులు, చర్చిలు పోయాయి. ఇవాళ షార్లెట్‌లో మన తెలుగువాళ్లు చాలామంది ఐటీ ఉద్యోగాలు చేస్తున్నారు. వాళ్లు రోజూ చూసే ఆ డౌన్‌టౌన్ అద్దాల భవనాల పక్కనే ఒకప్పుడు ఈ పేట ఉండేది. గోడల్ని బుల్‌డోజర్ కూల్చగలిగింది. చెవితో నేర్చుకున్న పాటని మాత్రం తాకలేకపోయింది. పిల్లలు ఎక్కడికెళ్తే అది అక్కడికెళ్లింది. షార్లెట్‌లో ఈ బ్యాండ్లు ఇప్పటికీ వాయిస్తున్నాయి.

మనకీ ఇలాంటిది తెలుసు. డప్పుని అంటరానిదన్న ఊళ్లే ఇవాళ డప్పు లేకుండా సభ మొదలుపెట్టట్లేదు. వాయిద్యం మారలేదు. దాన్ని పట్టుకున్నవాళ్లు తల వంచకపోవడం వల్ల మన చెవులు మారాయి.

నా దృష్టిలో ఈ ఆల్బమ్ గొప్పతనం అదే. ఒక చట్టం ఆ బూరని లాక్కుంది, తర్వాత మార్కెట్ దాని జారుడుని వెక్కిరింపుగా అమ్ముకుంది. ఈ చర్చిలోని కూలీలు, వంటవాళ్లు, వాళ్ల పిల్లలు ఎవరితోనూ వాదించలేదు. ఆదివారం ఆదివారం అదే జారుడుతో ప్రార్థన చేస్తూ పోయారు.

ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, వేరే ఏ పనీ చేయకుండా, ఒక్క ట్రాక్ మొదటి నుంచి చివరిదాకా వినండి. మొదట్లో ఆ ఒంటరి ట్రాంబోన్ జారుతుంది చూడండి, అక్కడ మీకు నవ్వు రాదు. నాది గ్యారంటీ.

ఉంటాను మరి, నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం.